ఒక మార్కు ప్రశ్న

పదకొండో ప్రశ్న, ఒక మార్కు:
ఉక్కును మొదట తయారుచేసినది ఎవరు?
నలభై మూడు పేపర్లలో
ఒకే దొర పేరు, అయిదారు రకాల స్పెల్లింగుల్లో.
నలభై నాలుగోది బ్యారుగాబాది.
వాడు రాశాడు: మా ముత్తాత.
చోటు చాలక, అంచు వెంబడి నిలువుగా:
ఆయన ఇంకా ఉన్నాడు, అడగండి టీచర్.

ఎరుపు కలం మూత తీసి
చాలాసేపు అలాగే పట్టుకున్నాను.
సరస్సు మీంచి లేచిన బుకోబా వాన
అరటాకుల మీద దబదబా.
జవాబుల పట్టీలో దొర పేరే ఉంది.
నేను చదివిన పుస్తకంలోనూ,
నాతో వల్లె వేయించిన సిస్టర్ బెత్తంలోనూ.

ఆదివారం వెళ్లాను.
రుటాషోబ్యా గుమ్మంలో కూర్చుని
ఉడకబెట్టి ఎండేసిన కాఫీ గింజలు నా దోసిట్లో పోశాడు.
తనకు పళ్లు లేవు.
నేను నములుతుంటే చూసి తానే నమిలినట్టు తృప్తిపడ్డాడు.

"ముందు బురదనేలలో రెల్లు కోసుకురావాలి.
గుంతలో పేర్చి కాల్చాలి,
బూడిద కాకముందే ఆపాలి.
గోడకు పుట్టమన్ను.
మామూలు మన్ను ఆ సెగకు ఏడుస్తుంది.
చెదపురుగుకు తెలిసింది కమ్మరికి తెలియకపోతే ఎట్లా?
ఇక మట్టిగొట్టాలు.
గోడకు ఆనించి వదిలేస్తే లాభం లేదు,
లోపలికి దూర్చాలి, నిప్పు కడుపు దాకా.
తిత్తి ఊదిన గాలి
నడుస్తూ నడుస్తూనే కాగిపోవాలి.
చంటిబిడ్డకు చన్నీళ్లు పోస్తామా?
నిప్పూ అంతే."

నా నోట్సులో ఇది రెండో పాఠం, మూడో పేరా.
"గాలిని ముందుగా వేడిచేయుట వలన కొలిమి ఉష్ణోగ్రత పెరుగును."
పక్కన ఒక సంవత్సరం, ఒక పేటెంటు.
ఇరవయ్యేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను
చంటిబిడ్డ లేకుండా.

మరెందుకు మానేశారు తాతా?

"ఓడల్లో పారలు వచ్చాయి.
పలచగా, తళతళా, చవగ్గా.
మా నాన్న ఒకదాన్ని గోటితో కొట్టి విన్నాడు.
దీనికి గొంతు లేదన్నాడు.
అయినా కొన్నాడు.
ఆ ఏడే మా తిత్తుల మేకతోళ్లు ఎలుకలు తిన్నాయి."

ఎన్నో ఏళ్లకు యూనివర్సిటీ వాళ్లొచ్చి
కట్టి చూపించమన్నారట.
"ఆరుగురు ముసలాళ్లం.
మొదటిసారి ఇనుము రాలేదు,
అడుగంటిన జావలా ఒక నల్ల ముద్ద.
గొట్టం ఎంత లోపలికి అంటే
ఒకడు జాన అంటాడు, ఒకడు మూర.
కొట్టుకున్నంత పనైంది.
చేతులు మరిచిపోయాయమ్మా.
పాట మరవలేదు.
పాట అందుకున్నాక
చేతులు సిగ్గుపడుతూ వెనక వచ్చాయి."

నాకు ఒళ్లు పులకరించింది.
అంటే లోకంలో అందరికంటే ముందు మనమేగా, అన్నాను.

ఆయన పక్కకు తిరిగి ఉమ్మాడు.
"ముందో వెనకో నాకేం తెలుసు?
మా తాతకు వాళ్ల తాత చెప్పాడు.
నువ్వు దొర పేరు చెరిపి నా పేరు రాస్తే
తిత్తులూదిన ఎనిమిది మంది ఎటు పోవాలి?
పుట్టమన్ను తవ్వి, నెత్తిన మోసుకొచ్చి,
కొలిమి ఛాయలకు రానివ్వకపోతే
దూరం నుంచే పొగ చూసి వెళ్లిన
మా అమ్మ ఎటు పోవాలి?"

నేనూ ఆడదాన్నే.
ఆ రోజుల్లో నన్నూ పొగ దగ్గరే ఆపేవాళ్లు.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.
కాఫీ గింజ ఒకటి పంటి సందులో ఇరుక్కుంది.

వస్తుంటే ఒక చిట్టెం గడ్డ చేతిలో పెట్టాడు.
అరటితోట తవ్వినప్పుడల్లా బయటపడతాయట,
గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటారట.

రాత్రి దాన్నే పేపర్ల మీద బరువుంచాను.
బ్యారుగాబాకు సున్నా వేయలేదు, మార్కూ వేయలేదు.
ఎరుపు కలం ఇంకాస్త పైకి పోయి
ప్రశ్నలోని "ఎవరు" చుట్టూ సున్నా చుట్టింది.
హెడ్మాస్టరుకు ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

అంతలో కరెంటు పోయింది.
అగ్గిపెట్టె కోసం తడుముతుంటే చిట్టెం తగిలింది,
చల్లగా.
దాని అడుగున, వేలు పట్టేంత గాడి:
ఎప్పుడో కాలిపోయిన రెల్లుపుల్ల
కణుపుతో సహా.